విడి మిర్చా, ప్యాకెట్ కారమా: బేగంబజార్‌లో దేన్ని నమ్మి కొంటున్నాం?

హైదరాబాద్ బేగంబజార్‌లో ఎండుమిర్చి బస్తాల ముందు నిలబడినవారు కాయను విరిచి, వాసన చూసి, తేమ ఉందేమోనని చేత్తో నలిపి మరీ బేరమాడతారు. అదే వీధిలో ప్యాకెట్ కారం తీసుకునేవారు మాత్రం టీవీలో విన్న పేరునూ, కవరుపై నిగనిగలాడే మిరపకాయ బొమ్మనూ నమ్మి డబ్బు చెల్లిస్తారు.

అలాగని విడి సరుకుకు ప్రచారమే లేదనలేము. బస్తాలో గుచ్చిన అట్టముక్కపై ‘తేజ’, ‘బ్యాడిగి’ అని రాస్తే అదీ బ్రాండే, పైగా ఖర్చులేని బ్రాండు. తేజ ఘాటుకు, బ్యాడిగి రంగుకు పేరుపొందాయి. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన వరంగల్ చపాటా కూడా రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న రకమే. ఈ తేడా ఎరిగినవారు రెండు రకాలు కలిపి గిర్నీలో పట్టించుకుంటారు. ఎరగనివారికి అట్టముక్క మాటే వేదం, ఆ మాట తప్పయితే నిలదీయడానికి చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

ప్యాకెట్‌పై గరిష్ఠ ధర, నికర బరువు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు సంఖ్య తప్పనిసరి. వ్యవసాయ ఉత్పత్తుల నాణ్యతకు ప్రభుత్వం తరఫున వేసే అగ్‌మార్క్ ముద్ర ఉంటే నాణ్యతా శ్రేణి కూడా తెలుస్తుంది. నిజానికి కవరు మీద పనికొచ్చే సమాచారం ఇదే, కానీ కళ్లు ముందుగా సినీతార ముఖం మీదే వాలతాయి. లోపల ఏ రకం మిర్చి ఎంత పాళ్లలో ఉందో చాలా కవర్లు చెప్పవు.

నా మట్టుకు, ఆవకాయకు ఏడాది కారం పట్టించేవారికి విడి మిర్చే మేలు. నెలకు పావుకిలో చాలనుకునే ఇంటికి, వెనకవైపు చదివి కొంటే, ప్యాకెట్ సరిపోతుంది.