హేవ్‌లాక్ తేటనీళ్ళకో టార్చి, రుషికొండ మసకనీళ్ళకో టార్చి

డిసెంబరులో హేవ్‌లాక్‌లో సాయంత్రం ఐదు దాటేసరికే పొద్దు గుంకుతుంది. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. కాబట్టి అక్కడ రాత్రిపూట స్కూబా డైవ్ అంటే ఐదింటికల్లా సామాను సర్దుకుని, చీకటి పడుతుండగా నీళ్ళలోకి దిగడమే. 2018లో దీవి పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారినా డైవ్ షాపుల్లో ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు. రాత్రిపూట ఎక్కువగా నీమో రీఫ్, లైట్‌హౌస్ లాంటి లోతు తక్కువ చోట్లకే తీసుకెళ్తారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడి నీళ్ళు చాలా తేటగా ఉంటాయి. అలాంటి నీళ్ళలో 1000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) టార్చి పుష్కలంగా చాలు. 5000 ల్యూమెన్లది తీసుకెళ్తే పక్కవాళ్ళ కళ్ళు చెదురుతాయి, చేపలు బెదిరి రాళ్ళ సందుల్లోకి దూరిపోతాయి. రాత్రి డైవ్‌లో చూడాల్సినవన్నీ జానెడు దూరంలోనే ఉంటాయి. కొన్ని జాతుల చిలుక చేపలు నోటి నుంచి జిగురు వదిలి, పల్చటి సంచిలా ఒళ్ళంతా కప్పుకుని నిద్రపోతాయి. టార్చి వెలుగు పక్కనుంచి పడితే ఆ సంచి అంచు సబ్బు నురగలా మెరుస్తుంది, లోపల మొప్పలు మెల్లగా కదలడం కనిపిస్తుంది. నేరుగా మొహం మీద వేస్తే చేప ఉలిక్కిపడి సంచి చింపుకుని పారిపోతుంది. మసక వెలుగు మోడ్ ఉన్న టార్చి కొనమనేది ఇందుకే. ఇంకో సంగతి, లయన్ ఫిష్ మీ వెలుగును వాడుకుని వేటాడుతుంది. మీరు ఏ చిన్న చేప మీద టార్చి ఆపితే అది దానికి ఆహారమైపోవచ్చు. ఒకేచోట ఎక్కువసేపు ఆపకండి.

విశాఖ దగ్గర రుషికొండ, మంగమారిపేట వైపు లెక్క పూర్తిగా వేరు. చాలా రోజుల్లో నీళ్ళలో మడ్డి తేలుతూ ఉంటుంది, నాలుగైదు మీటర్లు కనిపిస్తే మంచి రోజే. అక్కడ వెడల్పుగా పరుచుకునే వెలుగు పనికిరాదు. లంబసింగి పొగమంచులో కారు హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టు, ఆ వెలుగు మడ్డి రేణువులకు తగిలి తిరిగి మీ కళ్ళలోకే వస్తుంది. 10 డిగ్రీల లోపు సన్నటి బీమ్ ఉన్న టార్చి అయితే వెలుగు కర్రలా నేరుగా వెళ్తుంది. బడ్డీకి, అంటే మీతో జంటగా దిగే డైవర్‌కు, మీరెక్కడున్నారో తెలిసేదీ దానివల్లే. రెండు చోట్లకూ ఒకే టార్చి కొనాలనుకుంటే సన్న బీమ్‌దే కొనండి. తేటనీళ్ళలో దాంతో సర్దుకుపోవచ్చు, మడ్డినీళ్ళలో వెడల్పుదాంతో సర్దుకోలేం.

కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి వెళ్ళే నేత్రాణి దీవి దగ్గర దాదాపు పగటి డైవింగే. రాళ్ళ సందుల్లోకి చూడ్డానికి జేబులో పట్టే చిన్న టార్చి చాలు. పగలు టార్చి ఎందుకంటారా? నీళ్ళు ముందుగా మింగేసేది ఎరుపునే. ఐదారు మీటర్లు దిగేసరికే అది వెలిసిపోతుంది. హేవ్‌లాక్ దగ్గర డిక్సన్స్ పినకిల్ లాంటి లోతైన చోట మెత్తటి పగడాలు బూడిదరంగులో కనిపిస్తాయి. టార్చి వేయగానే కుంకుమరంగు బయటపడుతుంది. అయితే మీటరు, మీటరున్నర దాటితే ఎంత పెద్ద వీడియో లైటైనా పగలు రంగు తేలేదు, వెలుగు పోయి రావాల్సిన దారి రెట్టింపు కాబట్టి. వీడియో కోసమైతే 100 డిగ్రీలకు పైబడిన వెడల్పు, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది చూడండి.

డబ్బా మీది ల్యూమెన్ల అంకె చూసి మోసపోవద్దు. చాలా టార్చిలు ఆ వెలుగును మొదటి కొద్ది నిమిషాలే ఇస్తాయి, తర్వాత వేడి తట్టుకోలేక తగ్గించేసుకుంటాయి. ఎంతసేపు అదే వెలుగు నిలుస్తుందో అడగండి. ఐపీఎక్స్8 అని (నీళ్ళను తట్టుకునే స్థాయి గుర్తు) మాత్రమే రాసి ఉంటే డైవింగ్‌కు చాలదు, 100 మీటర్ల లోతుకు అని స్పష్టంగా ఉండాలి. మూత తిప్పితే వెలిగే రకంలో ఒక ప్రమాదం ఉంది. ఆర్పడానికి వదులు చేస్తూ ఒక చుట్టు ఎక్కువ తిప్పితే నీళ్ళు లోపలికొస్తాయి. అయస్కాంతంతో జరిగే స్విచ్ మేలు, ఇసుక చేరితే బిగుసుకుంటుంది గానీ కడిగితే పోతుంది.

రాత్రి డైవ్‌కు డైవ్ షాపులు టార్చి ఇస్తాయి, మొదటిసారికి అదే చాలు. కాకపోతే తీసుకునేటప్పుడు మూడు అడగండి: ఈరోజు చార్జి చేశారా, బ్యాకప్ టార్చి వేరుగా ఇస్తారా, కెమెరాలకూ టార్చిలకూ మంచినీళ్ళ తొట్టి విడిగా ఉందా. వెట్‌సూట్లు (డైవింగ్ దుస్తులు) ముంచే తొట్టిలోనే టార్చిలూ వేసే చోట ఇసుక మరల్లోకి చేరుతుంది. హేవ్‌లాక్‌లో బసకు విజయనగర్, గోవింద్‌నగర్ బీచ్‌ల వైపు ఉంటే డైవ్ షాపులు నడిచే దూరంలో ఉంటాయి. దీవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి జనరేటర్ రాత్రంతా నడుస్తుందా అని గది తీసుకునే ముందే కనుక్కోండి. చవక గుడిసెల్లో ఒక్కటే ప్లగ్ ఉండటం మామూలే, మల్టీప్లగ్ దగ్గర పెట్టుకోవాలి.

విమానంలో విడి లిథియం సెల్లులు చేతిసంచిలోనే వెళ్ళాలి. టార్చిలోంచి సెల్లు తీసి, ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టండి. లోపల పొరపాటున వెలిగితే డైవ్ టార్చి మండిపోయేంత వేడెక్కుతుంది. 5000 ఎంఏహెచ్ 21700 సైజు సెల్లు 18 వాట్-అవర్లే, విమానాల్లో ఉన్న 100 వాట్-అవర్ల పరిమితికి చాలా లోపు. వరుసగా డైవ్‌లు చేశాక 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి కాబట్టి రాత్రి డైవ్‌ను చివరి సాయంత్రానికి పెట్టుకోకండి.

టార్చిలు పాడయ్యేది ఎక్కువగా ‘ఓ-రింగు’ దగ్గరే, అంటే మూత దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు దగ్గరే. ఒక్క తలవెంట్రుక అడ్డుపడినా చాలు, నీళ్ళు కారతాయి. చేతులు, టార్చి పూర్తిగా ఆరాక మూత విప్పండి. రింగును వేళ్ళతో పక్కకు నొక్కి పైకి లేపాలి, పిన్నీసుతో తీస్తే గీత పడుతుంది. తుడిచి, వేలిచివర నడిపి చూస్తే ఇసుక గరుకు తగులుతుంది. గాడిని నూలు రాలని గుడ్డతో తుడవండి. తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు పెసరగింజంత తీసుకుని, రింగు తడిగా మెరిసేలా మాత్రమే పట్టించండి. గ్రీజు ఎక్కువైతే దుమ్మును తనే పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది, వద్దు.

నీళ్ళు లోపలికి వెళ్ళిన టార్చిని పడవ మీదే తొందరపడి విప్పకండి. ఉప్పునీళ్ళు, సెల్లు కలిస్తే లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది, మూత తుపాకీ గుండులా ఎగరగలదు. స్విచ్ ఆపి, మూత మొహాలకు దూరంగా తిప్పి, ఒక్కొక్క పావుచుట్టు వదులు చేస్తూ గాలి బయటికి పోనివ్వండి. ఆ సెల్లును మళ్ళీ చార్జికి పెట్టొద్దు. ఒడ్డుకు చేరాక టార్చిని మంచినీళ్ళతో కడిగి, తెరిచి నీడలో ఆరబెట్టండి.