చివరి రోజు పొద్దున: మూడు అద్దె ఇళ్ళు, ఒక హోటల్

మొన్నటి సెలవుల్లో పది రోజుల ప్రయాణానికి ఐదుగురం వెళ్ళాం. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. ఒక్క రాత్రి హోటల్లో ఉన్నాం, మిగతా రాత్రులన్నీ సెలవులకు అద్దెకిచ్చే ఇళ్ళలోనే. సముద్రం ఒడ్డున ఒకటి, కొండ మీద ఒకటి, ఊరి మధ్యలో ఒక ఫ్లాట్. మూడూ ఫొటోల్లో చూపించినట్టే ఉన్నాయి. పరుపులు బాగున్నాయి, వేడి నీళ్ళు వచ్చాయి, చుట్టుపక్కల గోల లేదు. అయినా ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక్కో ఇంటినీ ఖాళీ చేసిన పొద్దుటి పూటే. బుక్ చేసేటప్పుడు గదులెన్ని, బాత్రూములెన్ని అని చూస్తాం కానీ, వెళ్ళిపోయే రోజు మన చేత ఏం పని చేయిస్తారో చూసుకోం. అందుకే రాస్తున్నాను.

సముద్రం ఒడ్డు ఇంట్లో మూడు రాత్రులున్నాం. బయల్దేరే ముందు రోజు రాత్రి అమ్మ తన చీరలు తీసుకుంటుంటే, బీరువా తలుపు లోపలివైపు అతికించిన లామినేట్ కాగితం కనిపించింది. "ఇదేదో మనకే రాసినట్టుంది, చదవవే" అంది. మొత్తం పదిహేడు పనులు. దుప్పట్లు, దిండు గలీబులు తీసి వాషింగ్ మెషిన్‌లో వేసి ఆన్ చేయాలి. తువ్వాళ్ళు విడిగా పెట్టాలి. ఇల్లంతా వాక్యూమ్ చేయాలి. ఫ్రిజ్ లోపల తుడవాలి. బాత్రూమ్ అద్దాలు తుడవాలి. చెత్త మూడు రకాలుగా విడదీసి వీధి చివర డబ్బాల్లో వేయాలి. వరండాలోని కుర్చీలు షెడ్డులో పెట్టాలి. డిష్‌వాషర్ వేసి, అయ్యాక ఖాళీ చేసి, గిన్నెలు ఎక్కడివక్కడ సర్దాలి. కింద ఎర్ర అక్షరాలతో, చేయకపోతే డిపాజిట్‌లో కోత పడుతుందని ఉంది. చెక్ అవుట్ పదింటికి.

పొద్దున ఆరున్నరకే లేచాం. మా వారు మంచాల దగ్గర, నేను వంటింట్లో. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న దుప్పటిని పెద్ద పరుపు మీంచి తీయాలంటే పరుపు ఎత్తాలి. ఆయన ఒక మూల ఎత్తితే పదేళ్ళ పాప ఇంకో మూల లాగింది. అమ్మ కూర్చోకుండా తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది. వద్దంటే వినలేదు. నేను గిన్నెలన్నీ డిష్‌వాషర్‌లో పెట్టి బటన్ నొక్కాను. తెర మీద 2:10 అని వచ్చింది. అంటే రెండు గంటల పది నిమిషాలు. అప్పటికి టైము ఎనిమిదింబావు. అది ఆగేసరికి పదిన్నర కావస్తుంది. పదింటికల్లా ఖాళీ చేసి సర్దాలని కాగితం మీద ఉంది. కాసేపు ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాను. తర్వాత మెషిన్ ఆపి, తడి గిన్నెలు ఒక్కొక్కటీ బయటికి తీసి సింకులో చేత్తో కడిగాను. సముద్రం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పిల్లలు ఆఖరిసారి ఒడ్డుకు వెళ్తామని ముందు రోజంతా అడిగారు. వెళ్ళలేదు.

కారెక్కాక బిల్లు తీసి చూశాను. క్లీనింగ్ ఫీజు దాదాపు ఒక రాత్రి అద్దెంత ఉంది. శుభ్రం చేయడానికి డబ్బు తీసుకుని, శుభ్రం చేసే పని కూడా మా చేతే చేయించారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. ఈ కాగితంలోని ఒక్క ముక్క కూడా బుక్ చేసేటప్పుడు మాకు చెప్పలేదు. ముందే తెలిస్తే, నడవడమే కష్టమైన మనిషిని వెంటబెట్టుకుని ఆ ఇల్లు తీసుకునేవాళ్ళం కాదు.

కొండ మీది ఇల్లు దీనికి పూర్తిగా వేరు. బుకింగ్ పేజీలోనే చెక్ అవుట్ పనులు నాలుగు వరుసల్లో రాసి ఉన్నాయి. మిగిలిన తిండి పారేయండి, చెత్త సంచి ముడివేసి మూత బిగిసే డబ్బాలో వేయండి, హీటర్ తగ్గించండి, తాళం వేసి కీ బాక్సులో పెట్టండి. చెత్త గురించి కారణం కూడా రాశారు, బయట వదిలితే రాత్రిపూట జంతువులొచ్చి చింపేస్తాయని. కారణం చెబితే పని బరువనిపించదు. పిల్లాడు ఆ డబ్బా మూత రెండుసార్లు నొక్కి చూశాడు, సరిగ్గా పడిందా లేదా అని. వెళ్ళే ముందు స్టవ్ తుడిచాను, గిన్నెలు కడిగాను. ఎవరూ అడగలేదు. అడగకపోయినా చేయాలనిపించింది.

మధ్యలో హోటల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గది తాళం కార్డు కౌంటర్లో ఇచ్చి వచ్చేశాం. కానీ ఐదుగురం రెండు గదుల్లో విడిపోయాం, రాత్రి అందరం కలిసి కూర్చునే చోటు లేదు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ఇల్లే బాగుంటుందని నేను ఇప్పటికీ అంటాను.

ఊరి మధ్య ఫ్లాట్‌లో నాకు అసలు విషయం అర్థమైంది. అక్కడ చెక్ అవుట్ పదకొండింటికి. పదింముప్పావుకే శుభ్రం చేసే ఆమె వచ్చి తలుపు బయట నిలబడింది. లోపలికి రమ్మన్నాను. సముద్రం ఒడ్డు ఇంటి భయం ఇంకా పోలేదేమో, అడక్కపోయినా నేను దుప్పట్లన్నీ తీసి ఉండచుట్టి మూల పడేశాను. ఆమె ఆ ఉండ విప్పి, మధ్యలో ఉన్న తడి తువ్వాలు తీసి నాకు చూపించింది. "మేడమ్, ఇవి మంచం మీదే వదిలేయండి. మరక ఎక్కడుందో మంచం మీద ఉంటేనే నాకు తెలుస్తుంది. ఇలా చుడితే తడి అన్నిటికీ పట్టేస్తుంది, మరక కనపడదు. కనపడని మరక ఉతికి ఆరబెట్టాక ఇక పోదు" అంది. పరుపు మీద వేసే పల్చటి కవర్ కూడా నేను దుప్పటితో పాటు లాగేశాను. అది ఏ ఉండలో ఉందో వెతుక్కోవాల్సొచ్చింది పాపం. నేను సాయం అనుకుని చేసింది ఆమెకు పావుగంట అదనపు పనైంది.

మరి ఏం చేస్తే సాయం అని అడిగాను. తడి తువ్వాళ్ళు పరుపు మీదా చెక్క నేల మీదా కాకుండా బాత్రూమ్‌లో ఒకచోట పడేయమంది. గిన్నెలు గదుల్లో వదలకుండా సింకు దగ్గరికి చేర్చమంది. ఏదైనా పగిలితే దాచకుండా చెప్పమంది. గాజు ముక్క కనపడక తన చెయ్యి తెగిన సంగతి చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, పదకొండంటే పదకొండుకు బయల్దేరడం.

ఆ లెక్క కూడా ఆమే చెప్పింది. పదకొండుకు ఒకళ్ళు వెళ్తే మూడింటికి ఇంకొకళ్ళు దిగుతారు. చేతిలో ఉన్నది నాలుగు గంటలు. ఒక విడత బట్టలు ఉతకడానికి గంట పైన, డ్రయర్‌లో ఆరడానికి మరో గంట. మూడు మంచాల దుప్పట్లు, ఐదుగురి తువ్వాళ్ళు ఒక విడతలో పట్టవు. అంటే ఇల్లు తుడిచే పనికంటే మెషిన్ తిరిగే టైమే ఎక్కువ. "అందుకే మా ఓనరు ప్రతి మంచానికీ మూడు సెట్లు కొన్నారు. మాసినవి సంచిలో వేసుకుని పోతా, ఉతికినవి పరిచేస్తా" అంది.

అప్పుడు నాకు సముద్రం ఒడ్డు ఇంటి కాగితం గుర్తొచ్చింది. అక్కడ ఒక్కో మంచానికి ఒక్క సెట్టే ఉన్నట్టుంది. బీరువాల్లో మారు దుప్పట్లు ఎక్కడా కనపడలేదు. అందుకే మేము పొద్దున్నే మెషిన్ ఆన్ చేయాల్సొచ్చింది. అక్కడ మా చేత చేయించిన పని ఇంటి యజమాని పెట్టని ఖర్చు. చెక్ అవుట్ పనులెన్ని ఉన్నాయో చూస్తే, ఆ ఇంటి వెనకాల ఏర్పాట్లు ఎంత గట్టిగా ఉన్నాయో తెలిసిపోతుందని ఇప్పుడు నాకు నమ్మకం.

ఇంట్లో దిగితే ఇంటి మనిషిలా మెలగాలి కదా అనేవాళ్ళు ఉన్నారు, మా వారే అన్నారు. ఆ మాట వెనక కొంత చరిత్ర ఉంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రయాన్ చెస్కీ, జో గెబియా తాము ఉంటున్న అద్దె ఇంట్లోనే గాలి పరుపులు వేసి ముగ్గురికి బస ఇచ్చారు. ఇలాంటి ఇళ్ళను అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ సైటు అలా మొదలైంది. ఇంటివాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, వచ్చినవాళ్ళు వాళ్ళ అతిథులు. అలాంటి చోట మన మంచం మనం సర్దుకుంటాం, అందులో తప్పేం లేదు. కానీ మేము దిగిన మూడు ఇళ్ళలోనూ యజమాని ముఖమే చూడలేదు. తాళం పెట్టెలోంచి తీసుకున్నాం, పెట్టెలోనే పెట్టాం. క్లీనింగ్ ఫీజు విడిగా కట్టాం. డబ్బు దగ్గర హోటల్ లెక్క, పని దగ్గర చుట్టరికం అంటే కుదరదు.

ఈ సంగతి ఆ సంస్థ వరకూ వెళ్ళింది కూడా. 2022 నవంబరులో చెస్కీ, మంచాల మీద దుప్పట్లు తీయడం, బట్టలు ఉతకడం, వాక్యూమ్ చేయడం లాంటివి గెస్టుల చేత చేయించకూడదని చెప్పారు. లైట్లు ఆర్పడం, తిండి చెత్తలో వేయడం, తలుపులు తాళం వేయడం అడగొచ్చన్నారు. 2023లో చెక్ అవుట్ సూచనలను బుక్ చేయకముందే చూసుకునే వీలు పెట్టారు. అమెరికాలో 2025 మే 12 నుంచి, ఇలాంటి బసలకు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరే ముందు చూపాలని ఫెడరల్ నిబంధన వచ్చింది. ఫీజులు అలా బయటపడుతున్నాయి. పనులు మాత్రం చాలాచోట్ల ఇంకా బీరువా తలుపు వెనకే ఉన్నాయి. సైటులో రాసేది ఒకటి, ఇంట్లో అతికించేది ఇంకొకటి. గెస్టు అప్పుడు ఎవరితో వాదిస్తాడు? డిపాజిట్ ఇంటివాళ్ళ దగ్గరుంది, బయట కారు నిండా సామాను ఉంది.

ఇళ్ళు అద్దెకిచ్చే హోస్టుల వైపు బాధలు నాకు తెలియనివి కావు. మా పెద్దమ్మ కూతురు రెండేళ్ళు తన పై వాటా ఇలాగే అద్దెకిచ్చింది. ఒకసారి గెస్టులు వెళ్ళాక చూస్తే ఫ్రిజ్‌లో గిన్నె బోర్లాపడి కింద అర దాకా కారింది, బాత్రూమ్ తూము జుట్టుతో మూసుకుపోయింది, కిటికీలన్నీ తెరిచి ఏసీ ఆన్‌లోనే వదిలేశారు. మూడు గంటలకు కొత్తవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. వాళ్ళను బయట కుర్చీల్లో కూర్చోబెట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కడిగానని చెప్పింది. ఫీజు కట్టాం కాబట్టి ఎలాగైనా వదిలేయొచ్చు అనుకోవడం అన్యాయం. ఆ ఫీజు మామూలు మురికికి.

నేను గీసుకున్న గీత ఇది. నా వల్ల వచ్చిన మురికి నాది. నేను తిన్న గిన్నె, నేను తెచ్చిన తిండి, నేను చేసిన చెత్త, నేను వేసిన లైటు, నేను తెరిచిన కిటికీ. నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇల్లు సిద్ధం చేయడం హోస్టుది. ఉతకడం, పరవడం, ఊడ్చి తుడవడం అటువైపు. డిష్‌వాషర్ గీత మీద ఉంది. గిన్నెలు పెట్టి బటన్ నొక్కమంటే సంతోషంగా నొక్కుతాను. ఖాళీ చేసి సర్దమంటే మాత్రం, ఆ రెండు గంటలు ఎవరివో చెప్పాలి.

సముద్రం ఒడ్డు ఇంటికి రివ్యూ రాయడానికి నాలుగు రోజులు ఆలోచించాను. ఎయిర్‌బీఎన్‌బీలో గడువు 14 రోజులు. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు అయ్యేదాకా ఒకరిది ఒకరికి కనపడదు కాబట్టి హోస్టు మనసులో పెట్టుకుంటారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ముందు హోస్టుకు విడిగా మెసేజ్ పెట్టాను, డిష్‌వాషర్ టైము ఇంత, మీ చెక్ అవుట్ టైము ఇంత, ఇది కుదరదని. "ముందు రాత్రే వేసుకోవాల్సింది" అని జవాబొచ్చింది. అప్పుడు రివ్యూలో ఇల్లు ఎంత బాగుందో రాసి, దాని కిందే పదిహేడు పనులున్నాయని, చెక్ అవుట్ పదింటికని, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోమని రాశాను. తిట్టలేదు. చదివేవాళ్ళకు అంకెలు చాలు. కొండ మీది ఇంటికీ, ఫ్లాట్‌కూ ఐదేసి స్టార్లు ఇచ్చాను. ఫ్లాట్ రివ్యూలో శుభ్రం చేసే ఆమె పని గురించి రెండు వాక్యాలు రాశాను, ఓనరు ఆమెకు చూపించాలని.

వచ్చే సెలవులకు మళ్ళీ వెతుకుతున్నాం. నచ్చిన రెండు ఇళ్ళకు ఒకే మెసేజ్ పంపాను: "మేము ఐదుగురం, అందులో ఒకరు పెద్దావిడ. చెక్ అవుట్ రోజు మమ్మల్ని ఏమేం చేయమంటారు? ఇంట్లో అతికించిన కాగితం ఏదైనా ఉంటే దాని ఫొటో పంపగలరా?" ఒకాయన గంటలోనే ఫొటో పంపారు. ఐదు వరుసలు. చివరి వరుసలో, దుప్పట్లు ముట్టుకోకండి అని ఉంది. రెండో ఇంటివాళ్ళ నుంచి, "అవన్నీ వచ్చాక చెబుతాం" అని వచ్చింది. ఆ ఇంటికి సముద్రం ఇంకా దగ్గర, అద్దె కూడా తక్కువ. అమ్మను అడిగాను. "ఐదు వరుసల ఇల్లే తీసుకోవే" అంది.