డెమాచి ఫుతాబా మమె మోచి: ఆరేళ్లుగా తింటున్నవాడి మాట

జపాన్‌లో, క్యోటోలోని డెమాచియానగి స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకున్నది అద్దె కుదిరిందని. నది దాటి నాలుగడుగులు వేస్తే ఇంత పేరున్న మిఠాయి కొట్టు ఉందని అప్పుడు తెలీదు. ఆరేళ్లుగా నెలకు రెండుసార్లయినా ఆ క్యూలో నిలబడుతున్నాను.

డెమాచి ఫుతాబా 1899లో పెట్టిన కొట్టు. కవరామాచి వీధి మీద ఉంటుంది. కూర్చుని తినే ఏర్పాటేమీ లేదు, కొనుక్కుని వెళ్లిపోవడమే. మోచి అంటే జిగురు బియ్యంతో చేసే ముద్ద మిఠాయి. వసంతంలో చెర్రీ ఆకు చుట్టిన సకురా మోచి, ఇంకో కాలంలో ఇంకొకటి అలా మారుతూనే ఉంటాయి గానీ, జనం వచ్చేది మమె మోచి, అంటే గింజల మోచి కోసం. జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, దంచి, ఆ ముద్దలో ఎర్ర బఠాణీలు కలిపి, లోపల అజుకి పూర్ణం పెడతారు. అజుకి గింజలు మన అలసందలకు దగ్గర చుట్టాలు. పాలు, గుడ్డు, నెయ్యి ఏవీ ఉండవు కాబట్టి శాకాహారులకు టెన్షన్ లేదు.

నన్ను పట్టేసింది మాత్రం ఆ బఠాణీలే. పేరుకి ఎర్ర బఠాణీలైనా, పైన తెల్లటి పిండి చాటున నల్లగా ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. కొరికితే ముందు మోచి సాగుతుంది, తర్వాత బఠాణీ పలుకుగా తగిలి ఉప్పదనం వస్తుంది, ఆ వెనకే పూర్ణం తీపి. ఉప్పు లేకపోతే రెండోది తినలేం. మా అమ్మ వచ్చినప్పుడు ఒకటి పెడితే, "పూర్ణం బాగుంది, ఆ ఉప్పు గింజలేంట్రా?" అని ఏరి పక్కన పెట్టింది. మూడో రోజుకి ఏరడం మానేసింది.

ఏ రోజుది ఆ రోజే తినాలి. మొదట్లో ఈ మాట లెక్కచెయ్యక పది కొని ఫ్రిజ్‌లో పెట్టాను. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం ఎలా బిరుసెక్కుతుందో ఇదీ అంతే, పొద్దునకి రాళ్లయ్యాయి. పెనం మీద సన్నని సెగన కాల్చుకు తిన్నాం, బాగానే ఉంది గానీ అది వేరే తిండి. ఇండియాకి పట్టుకెళ్లే ఆలోచన ఉంటే యోకాన్ (అజుకి ముద్దని జెల్లీలా గడ్డకట్టించిన మిఠాయి) కొనుక్కోండి, నెలల తరబడి నిలవుంటుంది.

ఒక్కోటి 200 యెన్లు దాటింది. శని, ఆదివారాల్లో అరగంట పైనే నిలబడాలి. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నరకి తలుపులు తీసే వేళకి వెళ్తే నయం. మంగళవారం సెలవు. నేను మాత్రం మూడు కొంటాను: రెండు ఇంటికి, ఒకటి దారిలోకి.

ఆ ఒకటీ కామో, తకానో నదులు కలిసేచోట గట్టున కూర్చుని తినడం అలవాటు. ఓసారి గద్ద వెనకనుంచి వచ్చి చేతిలోని సగం మోచి తన్నుకుపోయింది, రెక్క చెంపకి తగిలింది కూడా. గద్దలతో జాగ్రత్త అన్న బోర్డు పక్కనే ఉంది, నేనే నమ్మలేదు. ఇప్పుడు చెట్టు కింద, మానుకి వీపు ఆనించి తింటున్నాను.