వరంగల్‌లో లూజుగా అమ్మే ‘సిలికా పౌడర్’తో జాగ్రత్త

వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, సూప్ మిక్స్ చేసి అమ్ముకునేవాళ్లు ఇది తప్పక చదవండి. వరంగల్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో పొడులు ఉండకట్టకుండా వేసే ఫుడ్ గ్రేడ్ సిలికా అని చెప్పి మాకు కిలో తెల్ల పొడి కట్టిచ్చారు. కవరు మీద పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, కేంద్ర ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ లేదు. అడిగితే ‘అందరూ ఇదే తీస్కపోతున్నరు’ అన్నారు. అది సిలికా కాదు.

సిలికా పొడి చాలా తేలిక. లీటరు డబ్బాలో వదులుగా పోస్తే రకాన్ని బట్టి 50 నుంచి 250 గ్రాములు తూగుతుంది. ఇది అరకిలో దాటింది. చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండితే బుస్సున పొంగింది, అంటే సుద్ద కలిసింది. సిలికా అయితే నిమ్మరసానికి చలించదు. వేళ్ల మధ్య రుద్దితే చర్మంలోని తడి లాగేసి పట్టేసినట్టుంటుంది. నున్నగా జారితే టాల్క్ (టాల్కం పౌడర్‌లో వాడే ఖనిజం) అని అనుమానించాలి. సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్, దానికీ అనుమతి ఉంది గానీ, ఆహారం కోసం శుద్ధి చేసిందైతేనే. గోడలకు వాడే సుద్దలో సీసం ఎంతుందో ఎవరూ పరీక్షించరు.

రైస్ మిల్లు ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, అదే జల్లించి ఇస్తామని ఎవరన్నా అంటే అసలు తీసుకోవద్దు. తినే సిలికాను ఇసుక, సోడా యాష్ కరిగించి సోడియం సిలికేట్ చేసి, దానికి ఆమ్లం కలిపి, పేరుకున్నదాన్ని కడిగి ఆరబెట్టి తీస్తారు. బాగా ఎక్కువ వేడిలో కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారుతుంది. ఆ దుమ్ము రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే జబ్బు రావొచ్చు.

అసలు సరుకైనా కిలోకు 5 నుంచి 10 గ్రాములు చాలు, 2 శాతం దాటకూడదు. ముందు గుప్పెడు పొడిలో కలిపి జల్లించి, తర్వాత మొత్తంలో కలపాలి. కారంలో మాత్రం వేయకండి. కారం పొడిని కాల్చగా మిగిలే బూడిదలో ఆమ్లంలో కరగని భాగం, కారం బరువులో 1.3 శాతం మించకూడదు. సిలికా అంతా ఆ లెక్కలోకే వస్తుంది. మిరపకాయకు అంటుకొచ్చిన మట్టి ఎలాగూ కొంత ఉంటుంది, పైన 10 గ్రాములు వేస్తే ఇంకో శాతం చేరి శాంపిల్ ఫెయిలవుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో కొన్న కాయను గలగలలాడేదాకా ఎండబెట్టి, పట్టించిన కారం పూర్తిగా చల్లారాక ప్యాక్ చేస్తే ఉండకట్టదు.

కొనేటప్పుడు బిల్లు మీద సిలికా అసలు పేరు, దాని ఆహార సంకలిత నంబర్ ‘సిలికాన్ డయాక్సైడ్, ఐఎన్ఎస్ 551’ అని రాయించుకోండి, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడగండి. ఇవ్వనంటే కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు మిగిలిన పొడి పారేయకుండా, బిల్లుతో సహా జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఇవ్వండి.