కొత్తదని అమ్మిన కాఫీ యంత్రం, లోపల 2,317 కప్పుల లెక్క

షోరూము పేరు రాయను. రాయకపోయినా మీలో సగం మందికి తెలిసిపోతుంది. హైదరాబాదులో ఖరీదైన కాఫీ యంత్రాలు తక్కువ ధరకే అంటూ రోజూ వాట్సాప్ స్టేటస్ పెట్టే షోరూము. గాజు తలుపులు, పసుపు దీపాలు, అడుగు పెట్టిన ప్రతివాడికీ ఉచితంగా ఒక కాపుచినో. ఆ ఉచిత కాపుచినో నాకు 90,000 రూపాయలకు పడింది.

వెనుక కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అసలు మంట అక్కడ లేదు. కొన్నది ఒక ఇటలీ కంపెనీ ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో యంత్రం. పైన గింజలు పోస్తే తానే పొడి చేసుకుని, తానే నొక్కి, తానే కాఫీ దించి, పిప్పిని తానే డబ్బాలో పడేసే రకం. పాల నురగకు పక్కన వేరే జగ్గు. కంపెనీ డీలరు దగ్గర లక్షా నలభై వేల పైమాట. వీళ్ల దగ్గర తొంభై రెండు. ఎందుకంత తేడా అంటే, "నేరుగా దిగుమతి సార్, మధ్యలో ఎవరూ లేరు" అన్నారు. యూపీఐలో కడితే ఇంకో రెండు వేలు తగ్గిస్తామన్నారు. తగ్గించారు కూడా. పాపం, ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

కొనేముందు ఇంట్లో లెక్క కట్టి చూపించాను. బయట కాపుచినో 250 రూపాయలు, ఇంట్లో గింజలూ పాలూ కలిపి 40, కప్పుకు 210 మిగులు, రోజుకు రెండు కప్పులైతే ఏడెనిమిది నెలల్లో యంత్రం ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. మా ఆవిడ కాగితం అంతా చదివి, "మనం ఇప్పుడు రోజూ బయట రెండు కాపుచినోలు తాగుతున్నామా?" అని అడిగింది. ఇంత ఖరీదు పెట్టాలా వద్దా అని తలపట్టుకున్నవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోండి. నేను వెతుక్కోలేదు, షోరూముకు బయలుదేరాను.

కాఫీ బాగా వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? అరకు అరబికా గింజలు, మరీ నల్లగా వేయించనివి తెచ్చి పోశాను. నూనె తేలేలా వేయించిన గింజలు పోస్తే లోపలి మర జిగురు పట్టి మూసుకుపోతుందని తెలుసు. చికోరీ కలిసిన ఫిల్టర్ పొడిని ఆ దరిదాపులకు కూడా రానివ్వలేదు. నీళ్లు డబ్బా నీళ్లే, మా బోరు నీళ్లకు బకెట్ల అంచులే తెల్లబడతాయి కాబట్టి. పిప్పి డబ్బా రోజూ కడిగాను, కాఫీ దించే భాగాన్ని వారం వారం బయటికి తీసి కుళాయి కింద పెట్టాను. మా అమ్మ ఊరి నుంచి వచ్చి చూసి, "మిషన్ నీకు కాఫీ పెడుతోందా, నువ్వు మిషన్‌కి నీళ్లు పోస్తున్నావా?" అంది. ఆటోమేటిక్ అన్న మాటకు పెట్టె మీద ఒక అర్థం, వంటింట్లో ఇంకో అర్థం.

అలా నెల కూడా తిరగకముందే, సున్నం తొలగించమని దీపం వెలిగింది. ఈ యంత్రాలు లోపలికి తొంగి చూసి ఆ దీపం వెలిగించవు. నీళ్ల కాఠిన్యం ఎంతని మనం అమర్చామో, ఎన్ని లీటర్ల నీళ్లు లోపలి నుంచి వెళ్లాయో లెక్కపెట్టుకుని వెలిగిస్తాయి. ఇద్దరు మనుషులున్న ఇంట్లో, డబ్బా నీళ్లతో, అంత త్వరగా వెలగడానికి వీల్లేదు. షోరూముకు ఫోన్ చేస్తే "హైదరాబాద్ వాటర్ సార్" అన్నారు. సరేననుకున్నాను. ఆ తర్వాత కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది. కాఫీ దించే భాగం చుట్టూ ఉండే రబ్బరు రింగు అరిగిందని తర్వాత తెలిసింది. రబ్బరు రింగు ఒక నెలలో అరుగుతుందా? మళ్లీ ఫోన్ చేస్తే, "మీరు సరిగ్గా బిగించి ఉండరు సార్."

ఇక లాభం లేదని కంపెనీ సర్వీసు సెంటర్‌ను పిలిచాను. వచ్చిన కుర్రాడు ఇరవై ఐదేళ్లు కూడా ఉండడు. యంత్రం విప్పనేలేదు. మెనూలోకి వెళ్లి, కిందికి జరుపుకుంటూ పోయి, గణాంకాలు అనే చోట ఆగాడు. నా వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. "సార్, ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అన్నాడు. ఇద్దరం అన్నాను. తెర నా వైపు తిప్పాడు.

మొత్తం కాఫీలు 2,317. సున్నం తొలగించినవి 6 సార్లు.

మేము తాగినవి ఎంత పొడిగించి లెక్క వేసినా నూట యాభై దాటవు. మిగిలిన రెండు వేల పైచిలుకు కాఫీలు ఎవరో మహానుభావులు తాగి, కప్పులు కడుక్కుని, యంత్రం తుడిచి, పెట్టెలో పెట్టి నాకు కొత్తదిగా పంపించారన్నమాట. కుర్రాడు సీరియల్ నంబరు కొట్టి చూసి ఇంకో మాట చెప్పాడు. ఆ యంత్రం అంతకు ముందు సంవత్సరమే ఏదో ఆఫీసు పేరు మీద నమోదై ఉంది. ఇంటి వాడకానికి చేసిన యంత్రాన్ని ఆఫీసులో వాడితే కంపెనీ వారంటీ చెల్లదు. పైగా వారంటీ మొదటి కొనుగోలు తేదీ నుంచి నడుస్తుంది, నేను డబ్బు కట్టిన తేదీ నుంచి కాదు. అంటే నాకు మిగిలింది షోరూము వాళ్లు తమ లెటర్‌హెడ్ మీద కొట్టిచ్చిన "వారంటీ కార్డు" ఒక్కటే. దాని మీద సంతకం కూడా ఉంది. ఎవరిదో అడగవద్దు.

అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నాను.

యంత్రాన్ని కారులో పెట్టుకుని షోరూముకు వెళ్లాను. నాకు అమ్మినతను లేడు, యజమాని ఉన్నాడు. చుట్టూ రెండు లక్షలు, మూడు లక్షల కాఫీ యంత్రాలు మెరుస్తుంటే ఆయన మాత్రం బల్ల మీద కాగితపు కప్పులో ఇరానీ చాయ్ పెట్టుకుని తాగుతున్నాడు. అప్పుడే అర్థం కావలసింది నాకు. తెర ఫొటో చూపించాను. ఫొటోను చూడను కూడా చూడలేదు. "ఫ్యాక్టరీ టెస్టింగ్ అండి" అన్నాడు.

ఈ అబద్ధంలో చిటికెడు నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదం. కంపెనీలు ఫ్యాక్టరీలో నిజమైన కాఫీతోనే యంత్రాన్ని పరీక్షిస్తాయి. కొత్త యంత్రం మరలో కాస్త పొడి కనిపిస్తే కంగారు పడవద్దని కంపెనీల పుస్తకాలలోనే ఉంటుంది. నేను పెట్టె తెరిచినప్పుడు కాఫీ వాసన వస్తే సరిగ్గా అలాగే సమాధానపడ్డాను. కానీ 2,317 కప్పులా? ఫ్యాక్టరీలో పెళ్లి భోజనాలు జరిగాయా? అదే అడిగాను. షోరూములో ఇంకో ఇద్దరు కొనుగోలుదారులు ఉన్నారు, వాళ్లు తిరిగి చూశారు. ఆయన గొంతు పెంచలేదు. నవ్వాడు. పనివాడిని పిలిచి, "సార్‌కి ఒక కాపుచినో పెట్టు, కొంచెం చల్లబడతారు" అన్నాడు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

బిల్లు తీయమన్నాడు. తీశాను. యంత్రం మోడల్ పేరు పక్కన చిన్న అక్షరాలలో ఓబీ అని ఉంది. "ఓపెన్ బాక్స్. మీరు చదువుకున్నవారే కదా? కొత్తదని ఎవరు చెప్పారు మీకు?" ఎవరు చెప్పారా! నీ మనిషి చెప్పాడు, వాట్సాప్‌లో రాసి మరీ చెప్పాడు. చూపిద్దామని ఫోన్ తీశాను. ఏమీ లేదు. బేరం మొదలైన రోజునే ఆ సంభాషణలో సందేశాలు ఏడు రోజులకు వాటంతట అవే మాయమయ్యే అమరిక పెట్టాడట ఆ మహారాజు. అలా పెట్టినట్టు అప్పట్లో తెరపై చిన్న గీత లాంటి ప్రకటన కనిపించే ఉంటుంది. నేను యంత్రం ఫొటోలు పెద్దవి చేసి చూసుకోవడంలో మునిగి ఉన్నాను కదా. ఆయన నా ముఖం చూసి, "తొంభై వేలకు ఇంకేమి వస్తుందనుకున్నారండి?" అన్నాడు. చాయ్ పూర్తి చేశాడు. కాగితపు కప్పు నలిపి బుట్టలో వేశాడు. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

పనివాడు కాపుచినో తెచ్చాడు. తాగలేదు. ఆ మాత్రం పౌరుషం మిగిలినందుకు నాకు నేనే శాలువా కప్పుకోవాలి.

ఆయనకు తెలియనిది ఒకటుంది. కొనడానికి ముందు రోజు నేను ఆ వాట్సాప్ సందేశాన్ని ఫొటో తీసి మా బావమరిదికి పంపాను, గొప్ప కోసం. "సీలు తీయని కొత్త యూనిట్, కంపెనీ వారంటీ రెండేళ్లు" అని అందులో ఉంది. వాడు దేనినీ తుడిచేయడు, వాడి ఫోన్‌లో మా పెళ్లినాటి టిఫిన్ ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ ఫొటో, కంపెనీ కుర్రాడు రాసిచ్చిన సర్వీసు నివేదిక, యూపీఐ రసీదు మూడూ ఇప్పుడు ఒక ఫైలులో ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, వాడిన లేదా మరమ్మతు చేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని సూటిగా రాసి ఉంది. బిల్లు మీద ఏ ముద్ర వేసుకున్నా ఆ అబద్ధం నిజం అయిపోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. నోటీసు పంపాను. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. ఇవన్నీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఇంత చదువు కొనేముందు చదివి ఉంటే బాగుండేదని మా ఆవిడ అనలేదు, అనకుండా చూసింది అంతే.

"అంత ఖరీదైన యంత్రం అసలు దండగేనా?" అని అడుగుతున్నవాళ్లకు రెండు ముక్కలు. ఇంట్లో నలుగురూ పాలు తక్కువ వేసుకుని రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లయితే, కడగడానికి ఓపిక ఉంటే, దండగ కాదు. మనకు కావలసింది చిక్కటి డికాషన్, పొగలు కక్కే పాలు అయితే మాత్రం ఈ యంత్రం ఆ రుచి ఇవ్వదు, ఎన్ని మీటలు నొక్కినా. 15 బార్, 19 బార్ అన్న అంకెలకు పడిపోకండి, ఎస్ప్రెస్సో దిగడానికి కావలసిన ఒత్తిడి 9 బార్ల దగ్గరే. ఆ పై అంకెలు పెట్టె మీద ముద్రించడానికే.

కొనేటట్టయితే, డబ్బు ఇవ్వకముందే యంత్రాన్ని మీ ఎదుట ఆన్ చేయించి గణాంకాలు చూడండి. ఒకటో రెండో అంకెల సంఖ్య ఉంటే సరే, నాలుగు అంకెలుంటే లేచి వచ్చేయండి. సీరియల్ నంబరును కంపెనీకి ఫోన్ చేసి అడగండి, అక్కడే, అమ్మేవాడి ముందే. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. నా పెట్టె మీద ఆ చోట ఏదో చీటీ పీకేసిన జిగురు మాత్రమే ఉంది. యూపీఐలో కడితే రెండు వేలు తగ్గిస్తామంటే ఆ రెండు వేలు వాళ్లకే వదిలేయండి. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం బ్యాంకులో అభ్యంతరం పెట్టే దారి ఒకటి ఉంటుంది.