చెవి నొప్పికి అలక అని పేరు పెట్టాం

నేను ఆర్టీసీ డ్రైవర్ని. 17 ఏళ్ళుగా తిరుమల ఘాట్ రోడ్డు డ్యూటీ. అద్దంలో ఒక్కసారి చూస్తే చాలు, ఏ సీటులో ఎవరికి వాంతి రాబోతోందో తెలిసిపోతుంది. అలాంటివాణ్ణి, ఇంట్లో కుక్కకి నొప్పిగా ఉందని 11 రోజులు కనిపెట్టలేకపోయాను. బైరాగిపట్టెడలో ఒక చిన్న క్లినిక్ డాక్టరు పది నిమిషాల్లో చెప్పేశాడు. ఈ రివ్యూ ఆ క్లినిక్ గురించే. పేరు మాత్రం రాయను. ఇప్పటికే టోకెన్ దొరకడం కష్టంగా ఉంది. కావాల్సినవాళ్ళు అడిగితే దారి చెబుతాను.

మా రాజాకి నాలుగేళ్ళు. లాబ్రడార్ పోలిక, వేలాడే పెద్ద చెవులు, మిగతాదంతా మా వీధి రక్తం. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ నేను ఇంట్లో ఉన్నది తక్కువ. గరుడసేవ నాడైతే బస్సులోనే తెల్లారింది. అంతా అయ్యాక ఇంటికొచ్చి, ఎప్పటిలాగే "ఏరా నాయినా" అంటూ రెండు చెవులూ పట్టుకుని నలిపాను. వాడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు, ఆవులించాడు, మంచం కిందికి దూరాడు. మర్నాడూ అంతే.

"లక్ష్మీదేవి అలిగి కొల్హాపురం పోయినట్టు పోయినాడు చూడు. తొమ్మిది దినాలు ఇంటి ముఖం చూడకుంటే అలగడా మరి?" అంది మా అమ్మ. నేనూ నమ్మేశాను. బతిమాలుకోవడానికి చికెన్ లివర్ ఉడికించి పెడితే, తినేసి మళ్ళీ మంచం కిందికే. ఒక రాత్రి తల నిమరబోతే గుర్రుమన్నాడు. నేను గట్టిగా అరిచాను. చెవులు వెనక్కి వేసి, తోక ముడిచి, తప్పు చేసినవాడిలా ముఖం పెట్టాడు. బుద్ధొచ్చిందిలే అనుకున్నాను.

క్లినిక్ సాయంత్రం 5కి తెరుస్తారు. ఒకటే బెంచీ. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. బుట్టలో పిల్లితో వచ్చినావిడ పక్కనే గంటంపావు కూర్చున్నాం. పిల్లులకి వేరే చోటు లేకపోవడం నాకు నచ్చలేదు. అంతసేపూ రాజా ముక్కు నాక్కుంటూనే ఉన్నాడు.

డాక్టరు వాణ్ణి బల్ల ఎక్కించమనలేదు. తనే నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, వాడి వైపు చూడకుండా నాతో మాట్లాడాడు.

"అలక అందరి మీదా, మీ ఒక్కరి మీదేనా?"

"నా మీదే సార్. పాప దగ్గరికి పోతాడు, మా ఆవిడ వెనకాలే తిరుగుతాడు."

"పాప ఎక్కడ నిమురుతుంది?"

"పొట్ట మీద."

"మీ ఆవిడ?"

"ఆమె ముట్టుకోదు సార్. అన్నం పెడుతుంది, అంతే."

"మరి మీరు?"

చెప్పబోయి ఆగిపోయాను. నా చేతులు రెండూ అప్పటికే చెవులు నలుపుతున్నట్టు గాల్లోకి లేచి ఉన్నాయి.

చెవి ఎత్తి చూపించాడు. లోపలంతా ఎరుపు, గోధుమరంగు జిగురు, పులిసిన పిండి వాసన. నేను డ్యూటీలో ఉన్నప్పుడు మావాడు మేడ మీద పైపుతో నీళ్ళు కొట్టి స్నానం చేయించాడట. కుక్క చెవి గొట్టం కిందికి దిగి, అక్కణ్ణుంచి లోపలికి తిరుగుతుంది. మా ఘాట్ రోడ్డు మలుపే అనుకోండి. పైన చెవి మూతలా పడి ఉంటే తడి ఆరదు, ఈస్టు అనే ఫంగస్ పెరుగుతుంది. ఆ జిగురు కొంచెం గాజు పలకకి రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో నన్నే చూడమన్నాడు. ఊదారంగులో బుల్లిబుల్లి శెనక్కాయలు. "పంట బాగా వచ్చింది సార్" అంటే నవ్వాడు.

ముఖం తిప్పుకోవడం, ఆవులించడం, ముక్కు నాక్కోవడం, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ 'కాస్త దూరంగా ఉండు' అని చెప్పడమేనట. మనం వినకపోతే అప్పుడు గుర్రు. మరి అరిచాక పెట్టిన ఆ తప్పు చేసిన ముఖం? 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త 14 కుక్కలతో చేసిన పరీక్ష గురించి చెప్పాడు. వద్దన్న తిండి తిన్నాయా లేదా అన్నదానితో పని లేదు, యజమాని తిట్టినప్పుడే అవి ఆ ముఖం ఎక్కువగా పెట్టాయట. ఇంటికొచ్చేదాకా ఆ రాత్రి నా అరుపే గుర్తొచ్చింది.

లేవబోతుంటే ఇంకో ప్రశ్న: "లడ్డు పెడుతుంటారా?" తిరుపతిలో పెట్టని ఇల్లుందా! మా అమ్మ రోజూ ఓ పిసరు పెడుతుంది. అందులోని కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీయొచ్చట. ప్రసాదం వద్దని అమ్మని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

ఫీజు 300, పరీక్షకి 150, మందులు 620. చుక్కలు రోజుకి రెండుసార్లు, 14 రోజులు. వేశాక చెవి మొదట్లో మెల్లగా నొక్కితే లోపల పిచపిచమని చప్పుడు రావాలి. ఇయర్‌బడ్స్ వద్దన్నాడు, మురికి ఇంకా లోపలికి పోతుందట. చుక్కలు వేసే పని కూడా కొన్నాళ్ళు నన్ను చెయ్యొద్దన్నాడు, పాప చేస్తోంది. ఆయన రాసిన మందు పక్క షాపులో తప్ప ఎక్కడా దొరకలేదు, అడిగితే గానీ బిల్లు ఇవ్వలేదు. అందుకే ఐదుకి నాలుగు.

మొన్న, తొమ్మిదో రోజు, చివరి ట్రిప్పు దించి వచ్చి గడప మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాజా మంచం కిందనుంచి వచ్చి, ఖాకీ ప్యాంటు వాసన చూసి, నా మోకాలికి వీపు ఆనించాడు. గడ్డం కింద ఒక్క వేలితో గోకాను.

వెళ్ళేవాళ్ళు నాలుగున్నరకే వెళ్ళి టోకెన్ తీసుకోండి. పిల్లి ఉంటే బయటే నిలబడండి.