డంబాయా, ఫూఫూనా: ఏది మేలు?

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా వంటలు మొదలుపెట్టేవాళ్లు పదేపదే అడిగేది ఇదే. రెండూ కర్రపెండలం ముద్దలే. రెండింటినీ పెప్పర్ సూప్‌తో (ఘాటైన మిరప చారుతో), మన రాగి సంకటిలాగే నమలకుండా మింగుతారు. ఉడికించి దంచితే డంబాయ్, పులియబెట్టి గెలికితే ఫూఫూ. రుచీ శ్రమా తరవాత, ముందు చేతిలో ఉన్న దుంప ఎలాంటిదో చూడాలి.

డంబాయ్‌కి తీపి రకం కావాలి, అదీ తవ్వి ఒకటి రెండు రోజులు మించనిది. కోస్తే లోపల నీలి నలుపు చారలు కనిపించాయంటే అది పనికిరాదు. చేదు రకమైతే డంబాయ్ ఊసే ఎత్తొద్దు. అందులో సైనైడ్‌ను విడుదల చేసే లినమారిన్ ఎక్కువ. పెద్ద ముక్కల్ని మరిగే నీళ్లలో వేస్తే, లినమారిన్‌ను విడగొట్టే ఎంజైమే ముందు చచ్చిపోతుంది, విషం చాలావరకు ముక్కలోనే ఉండిపోతుంది. నానబెడితే అలా కాదు. దుంప మెత్తబడేకొద్దీ ఎంజైమ్ పనిచేస్తుంది, విషం నీళ్లలోకీ గాలిలోకీ పోతుంది. అందుకే ఈ రెండిట్లో చేదు దుంపకి ఫూఫూయే దారి.

డంబాయ్‌కి కిలో దుంపలు తీసుకుని పైతొక్కతోపాటు లోపలి మందపాటి పొరా తీసేయాలి. చీల్చి నడిమి పీచు లాగేసి, వేలితో నొక్కితే చితికేదాకా ఉడికించాలి. దంచడం వేడిమీదే జరగాలి. చల్లారితే పిండిపదార్థం గట్టిపడి ఉండలు మిగులుతాయి, ఆ తర్వాత ఎంత దంచినా పోవు. ముందు పొడిగానే దంచి, ఉండలన్నీ పోయాకే రోకలి తడుపుతూ సాగేదాకా దంచాలి. నీళ్లు ముందే పోస్తే ముక్కలు రోట్లో జారిపోతాయి. మిక్సీ వద్దు, బ్లేడుకి జిగురులా చుట్టుకుంటుంది.

ఫూఫూకి చెక్కుతీసిన ముక్కల్ని మూడు నాలుగు రోజులు నానబెట్టి, చిదిమి, వడకట్టి, పైనీళ్లు వంపేయాలి. అడుగున పేరుకున్న పిండిని నీళ్లలో జారుగా కలిపి, సన్నమంట మీద తెడ్డు ఆపకుండా గెలకాలి. పచ్చిపిండి తెల్లదనం పోయి కాస్త మెరుపు రావాలి. మంట పెంచితే అడుగంటుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది.

లైబీరియాలోని నింబా కౌంటీ వాళ్ల జీబీ కూడా కర్రపెండలం ముద్దే, మొదటిసారికి దాని జోలికి వెళ్లనక్కర్లేదు. అన్నం సంగతి వేరు, అక్కడ రోజువారీ తిండి అదే.

తాజా తీపి దుంప దొరికితే నా ఓటు డంబాయ్‌కే. పులుపు లేదు కాబట్టి సూప్‌లోని మిరప ఘాటు, చేప వాసన సూటిగా తెలుస్తాయి. కాకపోతే దంచిన వెంటనే తినేయాలి, చల్లారితే బిర్రబిగుసుకుంటుంది.